ఔరంగాబాద్ పన్‌చక్కీ: గిర్ని పని తెలిసినవాళ్ల చూపుతో

పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఎల్లోరా చూడబోయేవాళ్లు ఔరంగాబాద్‌లో దిగుతారు. బీబీ కా మక్‌బరా చూస్తారు, ఇంకా పొద్దుంటే పన్‌చక్కీ దగ్గర పావుగంట ఆగుతారు. ఆ పావుగంటలో కంటికి పడేవి ఒక పెద్ద నీళ్ల హౌజు, గోడ పైనుంచి దూకే నీళ్లు, ఊడలు దిగిన మర్రిచెట్టు, ఒక చిన్న గదిలో రాయి. నాలుగు ఫోటోలు దిగి ఆటో ఎక్కేస్తారు. అలా చూస్తే ఇది మామూలు పార్కే. గింజ పిండి కావడం ఎట్లాగో తెలిసినవాళ్లు మాత్రం రెండు గంటలు కేటాయించాలి, చూసే వరుస కూడా మార్చుకోవాలి. ముందు నీళ్ల దారి, తర్వాత చక్రం, ఆఖరుకు రాయి. ఈ వరుసలో చూస్తే మా లెక్కలో ఈ చోటుకు 5కి 4 మార్కులు. తగ్గిన ఆ ఒక్క మార్కు సంగతి కింద ఉంది.

పన్‌చక్కీ అంటే నీటి తిరగలి. ఖామ్ నది ఒడ్డున, మహమూద్ దర్వాజా పక్కన, సూఫీ గురువు బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఉంది. ఆయన మధ్య ఆసియాలోని బుఖారా ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నక్ష్‌బందీ అనే సూఫీ మార్గం వారు. ఔరంగజేబు కాలం నుంచే ఇక్కడ మఠం లాంటిది నడిచేది. వచ్చిపోయే ఫకీర్లు, చదువుకునే పిల్లలు, బాటసారులు అందరికీ రోజూ రొట్టె కావాలి, రొట్టెకు పిండి కావాలి. అంత పిండి ఇసుర్రాళ్ల మీద విసరాలంటే ఎన్ని చేతులు కావాలో మన ఇళ్లలో విసిరిన ముసలమ్మలను అడిగితే చెబుతారు. ఈ అవసరం కోసమే 1744 ప్రాంతంలో తుర్క్‌తాజ్ ఖాన్ అనే సర్దారు నీళ్లు తెప్పించి చక్కీ పెట్టించాడు. ఆయన మొదటి నిజాం ఆసఫ్‌జా దగ్గరి మనిషి. మసీదు ముందున్న పొడవాటి హౌజు, ఫౌంటెన్లు తర్వాత ఇరవయ్యేళ్లకు జమీల్ బేగ్ ఖాన్ కట్టించినవి.

అప్పటికి నిజాం రాజధాని ఔరంగాబాదే. 1763లో గాని హైదరాబాద్‌కు మారలేదు. ఆ తర్వాత మన జిల్లాలూ ఆ జిల్లా 1956 దాకా ఒకే హైదరాబాద్ పాలన కింద ఉన్నాయి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని 1890లో పేరొచ్చింది ఆరో నిజాం పేరు మీదనే. కాబట్టి పన్‌చక్కీ మనకు పక్కరాష్ట్రపు వింత అనుకోనక్కర్లేదు. అక్కడి జొన్న భాకరీ, ఇక్కడి జొన్న రొట్టె ఒకే తిండి. అక్కడ నీళ్లు విసిరిన గింజను ఇక్కడ ఆడవాళ్ల చేతులు విసిరాయి.

మరి మన దగ్గర నీటి తిరగలి ఎందుకు పెరగలేదు? చక్రానికి ఏడాది పొడుగునా సన్నగా అయినా ఆగని ధార కావాలి. దుందుభి లాంటి మన వాగులు వానకాలం పొంగి, ఎండాకాలం ఇసుక తేలుతాయి. చెరువు కింద చక్రం పెడదామంటే తూము తెరిచేది పంటకాలంలోనే, ఆ నీటిలో ప్రతి చుక్కకూ మడి కాచుకొని ఉంటుంది. కందూరు చోళుల కాలంనాటి పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువు కింద కూడా నీటి లెక్కంతా వరిదే. ఔరంగాబాద్‌లో చక్కీ నిలబడిందంటే కారణం చక్రం చేసిన వడ్రంగి ఒక్కడే కాదు, భూమిలోని ఊట నీళ్లను కిలోమీటర్ల దూరం మోసుకొచ్చిన కాలువ. దాని పేరు నహర్. అసలు చూడాల్సింది అదే, ఎక్కువమంది చూడనిదీ అదే.

నహర్ ఊరికి ఉత్తరాన హర్సూల్ వైపు, 6 కిలోమీటర్లకు పైబడిన దూరంలో మొదలవుతుంది. వాగు, దానిలో కలిసే పాయ ఉన్నచోట ఎగువన ఒక బాయి ఉంది. ఊట ఆ బాయిలోకి దిగుతుంది, అక్కడినుంచి నేలలోపలే మట్టి గొట్టాల్లో ఊరికి వస్తుంది. ఇదే ఊళ్లో అహ్మద్‌నగర్ సుల్తానుల మంత్రి మలిక్ అంబర్ 17వ శతాబ్దం మొదట్లో తాగునీటికి వేయించిన నహర్ వేరు, ఇది వేరు. గైడ్లు రెండింటినీ కలిపి చెబితే మీరు కలపకండి. పద్ధతి మాత్రం రెండింటిదీ ఒకే బడి.

మట్టి గొట్టాల్లో నీళ్లు 6 కిలోమీటర్లు నడవాలంటే రెండు గండాలు దాటాలి. ఒకటి ఒత్తిడి. పల్లంలోకి దిగినచోట నీళ్ల బరువంతా గొట్టం గోడమీద పడుతుంది. కాల్చిన మట్టి దాన్ని ఓర్వలేదు, అతుకు దగ్గర పగులుతుంది. రెండోది గాలి. మెరకమీద గొట్టం వంపు తిరిగినచోట గాలిబుడగ చిక్కి ధారను ఆపేస్తుంది. బోరు నుంచి పొలానికి పైపు వేసుకున్న రైతు ఎవరికైనా ఈ బాధ తెలుసు. దీనికి వాళ్లు చేసిన ఉపాయం దారి పొడుగునా నిలువు కట్టడాలు లేపడం. నీళ్లు ఒకవైపు గొట్టంలో పైకి ఎక్కుతాయి, పైన తెరిచి ఉన్న చిన్న తొట్టిలో పడతాయి, మరోవైపు గొట్టంలో దిగుతాయి. పైన తెరిపి ఉన్నందువల్ల గాలి పోతుంది, ఒత్తిడి అక్కడికక్కడ తెగుతుంది, తొట్టి అడుగున మట్టి కూడా దిగుతుంది. మట్టి తీసేవాడికి చెయ్యి పెట్టే చోటూ దొరుకుతుంది. ప్రతి కట్టడం దగ్గరా కొంత ఎత్తు ఖర్చవుతుంది కాబట్టి ఎన్ని కావాలో అన్నే కట్టాలి, ఎక్కువైతే చివర చక్రానికి మిగిలే ఎత్తు తగ్గిపోతుంది.

వీటిని సైఫన్ స్తంభాలని కూడా అంటారు. వనపర్తి దగ్గరి సరళాసాగర్ చూసినవాళ్లు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. సరళాసాగర్‌లోది అసలైన సైఫన్. చెరువు నిండగానే గాలి చొరకుండా మూసుకున్న గొట్టం నీళ్లను తనంతట తాను లాగి కిందికి వదులుతుంది, గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు. అక్కడ గాలి దూరితే పని ఆగుతుంది. ఔరంగాబాద్ స్తంభంలో గాలి పోకపోతే పని ఆగుతుంది. రెండూ నేలవాలును, గాలి బరువును చదివినవాళ్ల పనులే. సరళాసాగర్ 1959లో మొదలైంది. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగి, తర్వాత మళ్లీ కట్టారు. నీటి కట్టడం వయసు ఎంతైనా మట్టి, అతుకు, వేరు అనే మూడింటిని కనిపెట్టుకొని ఉండాల్సిందేనని ఆ తెగిన కట్ట దగ్గర అందరూ చూశారు.

ఇక ఆవరణలోకి రండి. నీళ్లు ఎత్తులో ఉన్న తొట్టికి చేరి, అక్కడినుంచి సన్నని దారిలో కిందికి దూకుతాయి. కింద గుంతలో ఇనుప రెక్కల చక్రం పడుకొని ఉంటుంది. సినిమాల్లో చూసే బండిచక్రం లాంటి నిలువు చక్రం ఇక్కడ వెతకకండి. ఇది ఫ్యాను లాగా అడ్డంగా తిరిగే చక్రం. దాని నడుమనుంచి లేచిన ఇరుసు కింది రాయి కన్నులోంచి, అంటే నడిమి బెజ్జంలోంచి, పైకి వచ్చి పై రాయిని పట్టుకుంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయి ఒక చుట్టు తిరుగుతుంది. పళ్ల చక్రాల్లేవు, బెల్టు లేదు. హిమాలయాల్లో ఘరాట్ అని పిలిచేది కూడా ఈ జాతిదే. అరిగే భాగాలు తక్కువ కాబట్టి ఊరి కమ్మరి, వడ్రంగి, రాతిపనివాడు ముగ్గురుంటే మరమ్మతు అయిపోతుంది. అదే దీని గొప్ప. లోపం కూడా అక్కడే ఉంది. వేగం పెంచుకునే వీలు లేదు, నీళ్లు ఇచ్చినంతే.

ఎంతిస్తాయి? లెక్క కష్టం కాదు. సెకనుకు 20 లీటర్ల నీళ్లు 5 మీటర్ల ఎత్తునుంచి పడుతున్నాయనుకోండి. ఈ అంకెలు పన్‌చక్కీవి కావు, అర్థం కావడానికి తీసుకున్నవి. 20ని 5తో, దాన్ని 9.81తో గుణిస్తే 981 వాట్లు, దాదాపు ఒక కిలోవాట్. ఇలాంటి పాత చక్రానికి అందులో మూడోవంతు కూడా దక్కదు. తక్కినది చిమ్మిన నీళ్లలో, రాపిడిలో పోతుంది. చేతికొచ్చేది 300 వాట్లు, అంటే అర హెచ్‌పీ కన్నా తక్కువ. మన ఊరి గిర్నికి 10 హెచ్‌పీ మోటరు ఉంటుంది. గిర్ని గంటకు క్వింటాలు, క్వింటాలున్నర పిండి పడితే, ఈ ధారతో తిరిగే రాయి గంటకు 5 కిలోలు ఇస్తుంది. తక్కువే అనిపిస్తుంది. కాని దానికి రాత్రి నిద్ర అక్కర్లేదు. ఇరవై గంటలు తిరిగితే క్వింటాలు, కూలీ లేదు, గడ్డి లేదు, నూనె లేదు.

నీళ్లు ఎన్ని తాగుతుందో తెలియాలంటే హౌజు దగ్గర నిలబడండి. దాని పొడవు దాదాపు 160 అడుగులు, వెడల్పు 30 అడుగుల పైన. అందులో ఒక్క అడుగు లోతు నీళ్లంటే సుమారు లక్షా నలభై వేల లీటర్లు. పైన చెప్పిన ధార చొప్పున రాయి వాటిని రెండు గంటల్లో దాటేస్తుంది. కాకపోతే తాగి మింగదు, దాటించి వదిలేస్తుంది. ఆ నీళ్లు మళ్లీ తోటకు, నదికి పనికొస్తాయి. నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లో 100.8 మెగావాట్ల యూనిట్లు పెట్టినవాళ్లు వేసిన లెక్క కూడా ఈ గుణకారమే. అక్కడ ఎత్తు, నీళ్లు పెరిగాయి, దక్కేవంతు మూడోవంతు నుంచి తొంభై శాతం దగ్గరికి పోయింది. పిల్లలను తీసుకెళ్తే ఈ గుణకారం అక్కడే నిలబెట్టి చేయించండి, పుస్తకం కన్నా బాగా ఎక్కుతుంది.

వేగం సంగతి కూడా ఉంది. 5 మీటర్ల నుంచి పడ్డ నీళ్లు కిందికొచ్చేసరికి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటాయి. రెక్క అందులో సగం వేగంతో కదిలినప్పుడే నీళ్ల బలం ఎక్కువగా దిగుతుంది. చక్రం అడ్డుకొలత ఒక మీటరైతే నిమిషానికి 95 చుట్లు. మోటరు గిర్ని రాయి 500 చుట్లకు పైనే తిరుగుతుంది. ఈ తేడాయే పిండిలో తేడా. జొన్నలో నూనె ఉన్న మొలక భాగం వేడికి త్వరగా చెడుతుంది. గిర్నిలోంచి పొగలు కక్కుతూ వచ్చిన పిండిని మూతపెట్టి డబ్బాలో పోస్తే లోపల చెమటపట్టి, నాలుగో రోజుకు చేదు వస్తుంది. మెల్లగా తిరిగే రాయిలోంచి వచ్చే పిండి చేతికి గోరువెచ్చగా ఉంటుంది, అంతే. మన ఊళ్లో చేయగలిగిన పని ఒకటుంది. గిర్నివాడిని రాయి మరీ బిగించవద్దని చెప్పండి, గింజ మెల్లగా వదలమనండి, పిండిని ఇంటికొచ్చాక చాటలో పరిచి చల్లార్చి డబ్బాలో పోయండి.

రాళ్ల గురించి ఆ గదిలో ఎవరూ చెప్పరు. రెండు రాళ్ల ముఖాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి కాబట్టి బయటినుంచి కనిపించేది నున్నటి వీపే. పనంతా కనపడని ముఖం మీద జరుగుతుంది. కన్ను దగ్గర జొన్నగింజ దొర్లేంత సందు, అంచుకు వచ్చేసరికి కాగితం మందం. ముఖం మీద కన్ను నుంచి అంచుకు వాలుగా గాడులు ఉంటాయి. కన్ను దగ్గర లోతు, అంచుకు పోనుపోను పలచన. గాడి మూడు పనులు చేస్తుంది. గింజను కత్తెరలాగా తెగ్గోస్తుంది, పిండిని బయటికి నడుపుతుంది, గాలి ఆడనిస్తుంది. గాడి అరిగి ముఖం నున్నబడిందంటే గింజ తెగదు, నలుగుతుంది. పిండి బయటికి పోక లోపలే రుద్దుకొని వేడెక్కుతుంది. గిర్ని దగ్గర మాడిన వాసన వస్తే మోటరును తిట్టుకుంటారు గాని తప్పు కక్కు, అంటే ముఖం మీది పదును, పోయిన రాయిది.

కక్కు కొట్టే పద్ధతి రాయి చిన్నదైనా పెద్దదైనా ఒకటే. పై రాయిని ఎత్తి, ముఖం పైకి వచ్చేలా తిరగేయాలి. వంపులేని కర్రపట్టీకి తడిపిన జాజు పూసి, కన్ను మీదుగా ముఖమంతా తిప్పాలి. ఎర్రగా అంటినచోటల్లా మెరక. ముందు ఆ మెరకలు సన్నటి ఉలితో దించి, మళ్లీ జాజు తిప్పి, అంచు దగ్గర చుట్టూ సమానంగా ఎరుపు అంటేదాకా ఈ పని సాగాలి. ఆ తర్వాతే గాడులు. మెరక దించకుండా గాడులు తవ్వేవాళ్లు సగం పని చేసినట్టు, వాళ్లు కొట్టిన రాయి రెండు రోజులు బాగా పట్టి మూడో రోజు మళ్లీ వేడెక్కుతుంది. కక్కు కొట్టాక రాయిని చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, మొదటి రెండు మూడు కిలోల పిండి పారబోయాలి. ఆ పిండిలో రాతిపొడి ఉంటుంది. కోళ్లకు కూడా పెట్టవద్దు.

రాయి జాతి కూడా చూడాలి. ఔరంగాబాద్ నేలంతా లావా గడ్డకట్టిన నల్లరాయి. దాంట్లో సన్న బెజ్జాలు ఉన్న రకానికి ఒక సుగుణం ఉంది. అరుగుతున్నకొద్దీ కొత్త బెజ్జాల అంచులు పైకొస్తాయి, దానికదే పదును పెట్టుకుంటుంది. మన నల్లగొండ, పాలమూరు గుట్టలు గ్రానైటు. గట్టిది, చాలాకాలం వస్తుంది, కాని నున్నబడితే జారుతుంది, అందుకే ఇసుర్రాయికి కక్కు కొట్టేవాళ్లు ఊరూరా తిరిగేవారు. ఈనాటి గిర్నిలో తిరిగేది ఎమరీ అనే గరుకు రాతిపొడిని అచ్చుపోసిన రాయి.

ఇప్పుడు పన్‌చక్కీలో పిండి పట్టించుకురావాలని గోధుమ సంచి పట్టుకెళ్లకండి. చూపించడానికే ఉంది. చూపించడానికి తిప్పడంలో కూడా ఒక చిక్కుంది. గింజ లేకుండా తిరిగే రాయి రాయిని తింటుంది. గింజే రెండు రాళ్ల మధ్య పరుపు. ఖాళీగా తిప్పాలంటే పై రాయిని వేలు మందం ఎత్తి ఉంచాలి. మీరు చూసేటప్పుడు గరగరమని రాతిమీద రాయి చప్పుడు వస్తే సందు పోయిందని అర్థం. గుయ్యిమనే ఒకే స్వరం వస్తే ఎత్తి ఉంచారన్నమాట. చెవి పెట్టి వినండి.

ఇలాంటి చోటును బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదాని మీద మా మాట గట్టిగా చెబుతున్నాం. చక్రానికి రంగు కొట్టి, మోటరు పెట్టి కింది నీళ్లు పైకి తోడి పోస్తే చక్రం తిరుగుతుంది, చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. అది నీటి తిరగలి కాదు, కరెంటుతో తిరిగే బొమ్మ. బాగుచేత ఎగువ బాయి దగ్గర మొదలవ్వాలి. ఊట ఉందా, బాయి చుట్టూ బోర్లు పడి నీటిమట్టం దిగిందా అన్నది మొదటి ప్రశ్న. ఊట ఎండితే కింద ఎంత ఖర్చు పెట్టినా వృథా. తర్వాత ప్రతి స్తంభం తొట్టిలో మట్టి తీసి, పై స్తంభంలో వచ్చే నీళ్లు, కింది స్తంభంలో వచ్చే నీళ్లు బకెట్టుతో కొలవాలి. 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో రెండుచోట్లా చూస్తే చాలు. తేడా ఎక్కువున్న ముక్కలోనే కారుతోంది. నేలంతా తవ్వనక్కర్లేదు.

గొట్టాలు మూసుకుపోవడానికి కారణాలు మూడు. సన్నమట్టి పేరుకోవడం, గట్టి నీళ్లయితే లోపల సున్నపు పొర కట్టడం, చెట్ల వేళ్లు. మూడోది అన్నిటికన్నా చెడ్డది. మర్రి, రావి వేరు వెంట్రుకంత సందులో దూరి, లోపల తడి దొరకగానే కుంచెలా విప్పుకుంటుంది. దర్గా ఆవరణలోని మర్రిచెట్టు చాలా పాతది, దాని నీడ లేకపోతే ఈ చోటుకు అందమే లేదు. చెట్టు ఉండాలి, కాని హౌజు గోడల వైపు పోయే వేళ్లను ఏటా కనిపెట్టి, సన్నగా ఉన్నప్పుడే కోయాలి. లావెక్కాక కోస్తే వేరు కుళ్లి, అది ఉన్న బొరియలోంచి నీళ్లు పోతాయి.

అతుకులకు సిమెంటు వాడితే కట్టడం ఆయుష్షు తగ్గుతుంది. సిమెంటు పాత ఇటుక, మట్టి గొట్టం కన్నా గట్టిది. ఎండకు, చలికి అన్నీ సాగి ముడుచుకుంటాయి, గట్టిది వంగదు కాబట్టి పక్కనున్న మెత్తటి పాత ముక్క పగులుతుంది. తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోయి ఉప్పు లోపలే పేరుకుంటుంది, గోడ పొట్టులాగా రాలుతుంది. వాడాల్సింది డంగు సున్నం. నీళ్లు తగిలే పనికి సున్నం ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా కాలిన ఇటుక పొడి ఒక పాలు. సున్నాన్ని ముందే నీళ్లలో వారాల తరబడి మాగనివ్వాలి. డంగులో రాతిచక్రం కింద మెత్తగా నలగాలి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. వేసిన తర్వాత కనీసం పదిహేను రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ఎండాకాలం మే నెలలో సున్నం పని పెట్టుకుంటే పైపొర ఎండి లోపల పచ్చిగా మిగిలి, మొదటి వానకే పెచ్చులూడుతుంది. వానలు వెనకబడి చలి మొదలయ్యే రోజులు దీనికి అనువు. గొట్టాల అతుకుకు పాతవాళ్ల పద్ధతి సున్నం, నూనె, పత్తి దంచిన ముద్ద. పత్తి పీచు పగులును పట్టి ఉంచుతుంది, నూనె నీళ్లను దూరనివ్వదు.

చక్రం ఆఖర్న. ఇనుప రెక్క ఎప్పుడూ నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది, ఎప్పుడూ పొడిగా ఉన్నా తట్టుకుంటుంది. ఒకరోజు తడి ఒకరోజు పొడి అయితే తుప్పు తినేస్తుంది. నీళ్లు ఆగే ఎండాకాలంలో రెక్కలు గీకి నూనె పట్టించాలి. ఒక రెక్క విరిగితే ఆ ఒక్కదాన్నే కొత్తగా పెట్టి బరువు చూడకుండా వదలకూడదు. బరువు తేడాతో ఇరుసు ఊగుతుంది, పైన రాయి ఒకపక్క తగులుతుంది, అరుగుదల ఒకవైపే పోతుంది. ఇరుసు అడుగు కొన నిలబడే చిన్న గుంట బిళ్ల మొత్తం బరువు మోస్తుంది. నీళ్లలో సన్నిసుక వస్తే మొదట అరిగేది అదే. అది అరిగితే చక్రం, పై రాయి కలిసి కిందికి దిగి రాళ్లు బిగుసుకుంటాయి. చూసేవాళ్లు నీళ్లు తగ్గాయి, అందుకే చక్కీ ఆగింది అనుకుంటారు. చివరగా నీళ్లు బయటికి పోయే మోరీ. అది పూడితే గుంతలో నీళ్లు నిలిచి చక్రం మునుగుతుంది. మునిగిన చక్రానికి పైనుంచి ఎంత ధార పోసినా తిరగదు. పక్కనే నది ఉన్నచోట వరద వెనక్కి తన్నినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ఆ తగ్గిన మార్కు. వచ్చినవాళ్లకు ఈ నీళ్ల దారి అర్థమయ్యేలా చేసే పని ఇంకా జరగాలి. బాయి నుంచి హౌజు దాకా ఒక పెద్ద పటం, రాయి ముఖం కనిపించేలా విడిగా పెట్టిన ఒక జత రాళ్లు, చేత్తో తిప్పి చూసే చిన్న నమూనా ఉంటే పదేళ్ల పిల్లవాడికి కూడా సంగతి ఎక్కుతుంది. రాయిని తాకి చూడకుండా చక్కీ అర్థం కాదు.

వెళ్లే దారి సులువే. మహబూబ్‌నగర్ వాళ్లు కాచిగూడలో, నల్లగొండ వాళ్లు సికింద్రాబాద్‌లో దిగి మన్మాడ్ వైపు పోయే రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఔరంగాబాద్. ఊరి పేరును 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అని మార్చారు, టికెట్టు తీసుకునేటప్పుడు రెండు పేర్లూ వెతకండి. ఆగస్టు నుంచి జనవరి దాకా వెళితే నీళ్లు చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి ధార సన్నగా ఉందని నొచ్చుకోవద్దు, ఊట నీళ్ల స్వభావం అది. మంగళవారం ఎల్లోరా, సోమవారం అజంతా మూసి ఉంటాయి కాబట్టి పన్‌చక్కీ, మక్‌బరా, దౌలతాబాద్ కోట ఆ రోజుల్లో పెట్టుకుంటే రోజు వృథా కాదు. ఇది దర్గా, మసీదు ఉన్న చోటు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ తప్పించుకోండి, సమాధి దగ్గరికి వెళితే తలమీద గుడ్డ వేసుకోండి, హౌజు నీళ్లలో కాళ్లు పెట్టకండి, అవి వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లు చేతులు ముఖం కడుక్కోవడానికి, వాడే నీళ్లు.

లోపలికి పోగానే చక్కీ గదికి పరుగెత్తకుండా నీళ్లు దూకే గోడ దగ్గర పది నిమిషాలు నిలబడండి. ధార ఎంత ఎత్తునుంచి పడుతోందో కంటితో కొలవండి. గోడ ఇటుక వరసలు లెక్కపెడితే అడుగుల్లో దొరుకుతుంది. ఈ నీళ్లు హర్సూల్ వైపు నహర్ నుంచే వస్తున్నాయా, మోటరుతో తిప్పి పోస్తున్నారా అని అక్కడి మనిషిని మర్యాదగా అడగండి. తర్వాత చక్కీ గది, ఆ తర్వాత హౌజు. హౌజు అడుగే కింద ఉన్న పెద్ద గదికి కప్పు. అంత నీటి బరువును లావు స్తంభాల మీద మోయిస్తూ, దాని కింద బాటసారులకు చల్లటి బస కట్టారు. ఆ గదిలోకి వెళ్లనిస్తే తలెత్తి కప్పును చూడండి. తెల్లటి చారలు, పిలకల్లా వేలాడే సున్నపు కొనలు కనిపిస్తే పైన హౌజు అడుగు ఆ చోట చెమ్మ వదులుతోందని అర్థం. చార మీద చెయ్యి పెట్టండి. పొడిగా ఉంటే పాత గాయం, తడిగా ఉంటే ఇప్పటిది.